మా ఊళ్ళో చెకోస్లొవేకియా పద్ధతి

ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగినా దానికి నేనే జవాబుదారీననుకునేవాణ్ణి. చేతిలో సివిల్ డిప్లొమా ఉంది, ఉద్యోగం లేదు. ఈ రెండూ ఒకచోట కలిసిన కుర్రాడికి దేశాల గురించి ఆలోచించడానికి ఉన్నంత తీరిక ఆ దేశాలను ఏలేవాళ్ళకి కూడా ఉండదు. విజయనగరంలో చదువు ముగించి, అర్జీలు పెట్టి పెట్టి విసుగెత్తి, కొత్తవలసకి కాస్త ఎడంగా ఉన్న మా మేనమామ గారి ఊళ్ళో తేలాను. ఇంజినీర్లే ఖాళీగా తిరుగుతున్న కాలం. డిప్లొమా వాడి గోడు ఎవరిక్కావాలి? ఏ సంగతైనా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుంటే తప్ప నా బుర్రకెక్కేది కాదు. (అన్నం తినేటప్పుడు కూడా మొదట పప్పు, తర్వాత కూర అని మనసులో అంకెలు వేసుకుంటానని మా బావ ఊరంతా చాటాడు. అది శుద్ధ అబద్ధం. కూరే మొదట.)

బావంటే మావయ్య కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. చదువు అబ్బలేదు, నోరు అబ్బింది. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి ‘డిప్లమా’ అనేవాడు. ప్యాసింజరు బండిలో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపరును స్టేషను దగ్గర టీకొట్టు నుంచి తెచ్చి, సాయంత్రం అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించడం నా పని. తిన్న తిండికి నేను చేసిన సేవ అదొక్కటే. అరవై ఎనిమిది ఆగస్టులో ఆ పేపరు నిండా చెకోస్లొవేకియాయే. చిన్న దేశం. రాత్రికి రాత్రి పెద్ద దేశం టాంకులు వచ్చి పడ్డాయి. అక్కడి జనం తుపాకులు పట్టలేదు. వీధుల పేర్లు, ఇళ్ళ నంబర్లు, ఊళ్ళ పేర్లు రాసిన బోర్డులన్నీ పీకేశారు. టాంకులు దారి తెలియక తిరిగిన చోటే తిరిగాయి. ఒక్క మాస్కో వైపు చూపే బాణాలు మాత్రం ఉంచారట. అది చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

“ఏటిరా డిప్లమా, ఆ సిన్న దేశపోళ్ళు బోర్డులు పీకీస్తే టేంకులు ఎనక్కి ఎల్లిపోతాయేటి?” అన్నాడు బావ.

“ఎల్లవు బావా. కానీ పెపంచమంతా సూస్తాది. పంపినోళ్ళకి సిగ్గేస్తాది.”

“సిగ్గున్నోడు టేంకెక్కి పరాయోడి ఊరు వస్తాడేటిరా?”

మావయ్య ఆలోచన మాత్రం వేరు. “మరి ఆ టేంకుల్లో కుర్రగుంటలకి తిండెవులు ఎడతన్నారు?” అని అడిగాడు. నేను నవ్వాను. అంతర్జాతీయ వ్యవహారాల్లో అది అడగాల్సిన ప్రశ్న కాదని నా అభిప్రాయం.

మా మీదికీ ఒక టాంకు రాబోతోందని అప్పటికే అందరికీ తెలుసు. ఇనుపరాయి మోసే కొత్త రైలుమార్గం పక్కన గూడ్సు బళ్ళు నిలిపే జాగా కావాలట. దానికి మావయ్య జీడితోట సరిగ్గా సరిపోయిందట. ఆ తోట ఒకప్పుడు గుట్టరాయి. అందులో నుయ్యి మావయ్య గునపం పట్టి తవ్వితే, అత్త తట్ట మోసింది. కూలివాణ్ణి పెట్టలేదు. ఇంటికి ఉన్నది ఆ తోటా, రెండు మడిచెక్కలూ. లైనుకి అవతల ముళ్ళకంప తప్ప ఏమీ మొలవని బంజరు బోలెడంత ఉంది. ఈ వానలు ముదిరేలోపు హద్దురాళ్ళు పాతకపోతే పని వచ్చే ఏటికి వాయిదా పడుతుందనీ, అప్పటికి పైవాళ్ళ చూపు బంజరు మీదికి మళ్ళవచ్చనీ స్టేషను దగ్గర చెప్పుకున్నారు. కాబట్టి మేం చేయాల్సింది ఒక్కటే: రాళ్ళు పాతడానికి వచ్చేవాళ్ళని ఈ వానలు ముదిరేదాకా తోట చేరనివ్వకపోవడం. చెకోస్లొవేకియా పద్ధతి.

ఊడుపుల రోజులు. మధ్యాహ్నం ఊరు ఊరంతా మళ్ళలోనే ఉంటుంది. నేనూ బావా పని మొదలుపెట్టాం. ఒకటి, రోడ్డు మలుపులో ఊరి పేరున్న రేకు బోర్డు. రెండు, మైలురాయి (పీకడం చేతకాక పేడ అలికాం). మూడు, పంచాయతీ బోర్డు. నాలుగు, బడి పేరు (పంతులు గారు తన మడిలో ఉన్నారు, బడి గోనెపట్టా కప్పుకుంది). ఐదు, మలేరియా వాళ్ళు మందు కొట్టి గోడల మీద వేసిపోయిన నంబర్లు. విశాఖపట్నం ఎటో చెప్పే రాయిని మాత్రం కడిగి మరీ ఉంచాం. ఆ తర్వాత బావ ఇంటింటికీ తిరిగి, “ఎవులడిగినా తోట ఎక్కడుందో తెలీదనండి” అని అప్పగింతలు పెట్టాడు. మావయ్యకి మాత్రం చెప్పలేదు. ఆయన కోసమే చేస్తున్నాం కనక ఆయనకి చెప్పనక్కర్లేదనుకున్నాం. (ప్రభుత్వాలు కూడా అలాగే అనుకుంటాయని తర్వాత తెలిసింది.)

మా తిరుగుబాటుకి మొదటి దెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టలేదు. బోర్డులు పోయాయని ఊళ్ళో ఒక్క ప్రాణి గమనించలేదు. అవి అక్కడ ఉండేవని ఎవరికీ తెలియదు. పోస్టుమాను రోజూ లాగే వచ్చాడు, రోజూ లాగే వెళ్ళాడు.

నాలుగో నాడు జీపు వచ్చింది. నేనూ బావా గట్టు చాటున నక్కి చూస్తున్నాం. మలుపులో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే మామ్మ ఒకామె ఉండేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, పొత్తులు తిప్పుతూ ఉంటుంది. జీపులోంచి కళ్ళద్దాల ఓవర్సీరు దిగి తోట ఎక్కడని అడిగాడు. మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది.

“నాకు తెలీదు బాబూ. తెలీదనమని మా బుల్లోడు సెప్పీసి ఎల్లినాడు. ఇదిగో, ఇలగ ఎల్లి, సింతసెట్టు కాడ ఎడం సేతికి తిరిగితే నుయ్యి కనిపిస్తాది సూడు, ఆ నుయ్యున్న తోట నాకు తెలీదు. పొత్తు తింటావా? ఎండన పడొచ్చినావు.”

బావ తల గట్టుకేసి కొట్టుకున్నాడు. కానీ మా పద్ధతి ఒక్క మనిషి మీద మాత్రం పనిచేసింది. ఓవర్సీరు మామ్మ చూపిన దారి చూశాడు, చేతిలో పటం చూశాడు, బోర్డు కోసం అటూ ఇటూ చూశాడు. బోర్డు లేదు. బోర్డు లేని దారి దారి కాదని అతను చదువుకున్నాడు. నేనూ అదే చదువు చదివాను. జీపెక్కి తిన్నగా ముందుకి పోనిచ్చాడు. ముందు ఉన్నది మా మడి. అప్పుడే దమ్ము పట్టి ఉంది. జీపు ఇరుసుల దాకా దిగిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బురద లేస్తోంది, డ్రైవరు అరుస్తున్నాడు, దిగి తోస్తున్న కొలతగొలుసు పట్టేవాడు కాలు మడతపడి కూలబడ్డాడు. నేను బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చిన్నవాళ్ళ నిరసన ప్రపంచాన్ని ఆపగలదా అన్న ప్రశ్నకి నా కళ్ళెదుట జవాబు బురదలో కూరుకుపోతోంది. అంత ఆనందం నాకు ఆ తర్వాత ఏ జీతం రోజునా కలగలేదు.

అప్పుడొచ్చాడు మావయ్య, నాగలి విప్పి, ఎడ్లని తోలుకుంటూ.

“మావయ్యా, ఒద్దు! ఆళ్ళు తోట కోసం వచ్చినోళ్ళు!” అని గట్టు మీదికి లేచి అరిచాను.

“తెలుసురా. ఎవులైతే ఏటి, దిగబడిపోనారు కదా.”

“నీ తోట పోతాది మావయ్యా!”

“తోట మాట తరవాత. మనూరు వొచ్చి, మన మడిలో దిగబడిపోనోడిని సూసి ఎల్లిపోమంటావేటి? సదివినోడివి, ఆ మోకు అందుకో.”

ఎడ్లు జీపుని లాగాయి. మావయ్య వాళ్ళ కాళ్ళు కడిగించి ఇంటికి తీసుకెళ్ళాడు. అత్త కోడిని కోసింది. (ఆ కోడిని నాకు ఉద్యోగం వచ్చిన నాడు కోస్తానని మొక్కుకుంది.) ఓవర్సీరు మంచివాడు, అదే బాధ. రెండోసారి కూర వడ్డించుకుని, “ఇక్కడికి రావడానికి ఒక్క బోర్డయినా లేదేం?” అని అడిగాడు. బావ తల పళ్ళెంలోకి వంచేశాడు. తిన్నాక ఓవర్సీరు నా వైపు తిరిగి, “డిప్లొమానా? మా వాడికి కాలు బెణికింది. కొలత కర్ర పట్టుకుంటావా కాస్త?” అన్నాడు.

తోటలో ఎర్రా తెలుపూ పట్టీలున్న కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఓవర్సీరు దూరం నుంచి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. కర్రని కావాలనే బంజరు వైపు కాస్త వంచాను. ఎంత వంచితే హద్దు ఎంత జరుగుతుందో మనసులో లెక్క కూడా కట్టాను. నా చదువు మా ఇంటికి పనికొచ్చిన మొదటి క్షణం అదే.

“ఒరే అల్లుడా!” నూతి దగ్గర నుంచి మావయ్య కేక వేశాడు. “కర్ర వొంగిపోనాది సూడు! సక్కగా నిలబెట్టు. నలుగురూ సూస్తన్నారు, మన గుంటడికి పని రాదనుకుంటారు!”

నిలబెట్టాను. పక్కన అత్త, ఊరి జనం, పొత్తుల మామ్మ అందరూ నిలబడి, మేనల్లుడు ఎంత చక్కగా పనిచేస్తున్నాడో అని మురిసిపోతున్నారు. ఓవర్సీరు చేత్తో ‘బాగుంది’ అని సైగ చేశాడు. ఆ చోట రాయి పాతారు. గుంత తవ్వడానికి గునపం మావయ్యే తెచ్చి ఇచ్చాడు.

సంక్రాంతి ఇంకా రాకముందే చెట్లు కొట్టేశారు. నుయ్యి పూడ్చడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అత్త గుమ్మం దాటి బయటికి రాలేదు. ఓవర్సీరు మాట సాయంతో నాకు ఆ పని మీదే తాత్కాలికంగా కొలువు దొరికింది. పూడ్చిన మట్టి చదును చూడ్డం నా మొదటి బాధ్యత. ఈ సంగతి చెబితే అత్త నా నెత్తిన చెయ్యిపెట్టి దీవించింది. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

అప్పటికి పేపర్లో చెకోస్లొవేకియా లోపలి పేజీకి పోయి, ఆ తర్వాత కనిపించడం మానేసింది. ఊళ్ళో దాన్ని గుర్తుంచుకున్నది మావయ్య ఒక్కడే. ఒక సాయంత్రం ఖాళీగా ఉన్న జాగా వైపు చూస్తూ అడిగాడు.

“ఆ సిన్న దేశపోళ్ళు ఏటైనార్రా?”

“ఏమీ కాలేదు మావయ్యా. టేంకులు అక్కడే ఉండిపోయాయి.”

“మరి బోర్డులు పీకీసినారన్నావు కదా?”

“పీకారు.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “పాపం, దిగబడిపోనోళ్ళని సూసి ఆళ్ళూ ఊరుకోలేకపోనుంటార్రా,” అన్నాడు.

ఆ తర్వాత ఈ విషయం మీద పెద్దపెద్దవాళ్ళు రాసిన పుస్తకాలు చదివాను. చిన్న దేశం గొంతెత్తితే పెద్ద దేశం వింటుందనడానికి కారణాలు, వినదనడానికి కారణాలు, రెండు వరసల్లో అంకెలతో నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. మావయ్య చెప్పిన కారణాన్ని ఏ వరసలో వెయ్యాలో తేల్చుకోలేక వదిలేశాను. ఎవరైనా ఇప్పుడు ఈ ప్రశ్న అడిగితే వినదనే చెబుతాను, నా ఉద్యోగం అలా నేర్పింది. కానీ చెబుతున్నప్పుడు గట్టు చాటున పడుకుని, బావ చెయ్యి పట్టుకుని, చక్రాలు తిరగడం ఆగిపోతుంటే ఊపిరి బిగబట్టి చూస్తున్న ఒక కుర్రాడు గుర్తొస్తాడు. ఆ వెర్రివాడికి మావయ్య ఎడ్లు తోలుకుని వస్తున్నాడని చెప్పడానికి మనసొప్పదు. ఇంకాసేపు ఉండనీ అనుకుంటాను.