ఇరవై ఒకటిలో పోయిన వాచీ

ఈ రోజు వర్షానికి పామర్రు బస్సు రాకపోవడంతో, అవనిగడ్డ తిరిగి వెళ్లాల్సిన మా నాన్న గుడివాడలో మా ఇంట్లోనే ఆగిపోయారు. పొద్దుపోక మా వారితో పేకలో ఇరవై ఒకటి ఆడారు. నాన్నే ముక్కలు పంచారు. ముక్కల మొత్తం ఇరవై ఒకటికి ఎవరిది దగ్గరైతే వారిదే గెలుపు, దాటితే ఓడినట్టే. వరుసగా ఓడిన మా వారు, ఇక గెలుపు తనవైపే రావాలని తేల్చుకుని, పెళ్లిలో నాన్న పెట్టిన చేతివాచీని పందెం కాశారు.

మా వారి చేతిలో పద్దెనిమిది ఉంది. నాన్న ముందు ఒక ముక్క బోర్లించి ఉంది, ఇంకోటి ఆరు కనిపిస్తోంది. అయినా ఈయన ఇంకో ముక్క అడిగారు.

"పద్దెనిమిది చాలదా అల్లుడుగారూ?" అన్నారు నాన్న.

"మూడు వస్తుందని నా మనసు చెబుతోంది మావయ్యగారూ!"

ఎనిమిది వచ్చింది. నాన్న బోర్లించిన ముక్క తిప్పితే పది. పంచేవారికి పదహారుంటే ఇంకోటి తీయాల్సిందే. మా వారు ఆగి ఉంటే ఆ ఎనిమిది నాన్నకే వచ్చి, ఆయనే ఓడిపోయేవారు. ఇంతకీ మా వారి లెక్కలో తప్పెవరిదంటే, ముక్కలు సరిగా కలపని నాన్నదట!

నాన్న వాచీ చేతికి పెట్టుకున్నారు. మా వారు వేలి ఉంగరం తీశారు. అదీ నాన్న పెట్టిందే. అల్లుడికి పెట్టినవన్నీ వెనక్కి రాబట్టుకోవడానికి ఇంతకంటే మర్యాదైన దారి మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.