మా మిద్దె మీది ఎండ

సోలార్ ప్యానెళ్లు పెట్టించాలని నెల రోజులుగా అబిడ్స్‌లో రెండు దుకాణాల మధ్య తిరుగుతున్నాను. తోడుగా పక్కింటి యాదగిరి. ఆదివారం ఫుట్‌పాత్ మీద కరెంటు గురించి ఒక పాత పుస్తకం కూడా కొన్నాను. అందులో సోలార్ ఊసే లేదు, అది వేరే కథ. ఏ ప్యానెల్‌కు ఎన్నేళ్ల గ్యారంటీయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. యాదగిరి ఓటు మాత్రం మొదటి నుంచీ ఖరీదైనదానికే.

ఈ మధ్యాహ్నం దుకాణం మనిషి కొలతల కోసం నాంపల్లిలోని మా మిద్దె ఎక్కాడు. టేపు తీయకుండానే, మిద్దె నిండా పరుచుకున్న నీళ్ల ట్యాంకు నీడ చూసి నిలబడిపోయాడు.

"సార్, గింత నీడల ఏ ప్యానెల్ పెట్టినా కరెంటు మంచిగ రాదు. గా ట్యాంకు ఎవరిది?"

పక్కనే ఉన్న యాదగిరి ఆకాశం చూస్తూ అన్నాడు.

"మాదే. మొన్ననే ఎత్తు పెంచినం. ఫికర్ జేయకు అన్నా, ప్యానెళ్లు మా మిద్దె మీద పెట్టుకో. సగం కరెంటు నాకియ్యి, చాలు."

చాయ్ తెచ్చిన మా ఆవిడ అంతా విన్నది.

"నెల దినాలు ప్యానెళ్లు జూసిన్రు. ఒక్కనాడన్న మిద్దెక్కి ఎండ జూసిన్రా?"

ఇప్పుడు ట్యాంకును జరిపించాలా, యాదగిరినా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మా ఆవిడ మాత్రం ముందు నన్ను జరగమంటోంది, చాయ్ కప్పు మీద కూడా నా నీడే పడుతోందట.