నలుగురి కళ్లద్దాలు

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇక ఎవరినీ "గిది జర సదివిపెట్టు" అని అడగనక్కర్లేదని మురిసిపోయాను. ఆ మురిపెం పట్టుమని ఆరేళ్లు కూడా నిలవలేదు.

పెద్దపల్లి నుంచి కాగజ్‌నగర్‌లో ఉన్న చెల్లెలి కూతురింటికి మొదటిసారి రైలులో వెళ్తున్నాను. దిగాక ఏ గల్లీకి రావాలో ఆ పిల్ల ముందే చీటీ రాసిచ్చింది. తీసి చూస్తే అక్షరాలన్నీ చీమల్లా పాకుతున్నాయి. ఫోన్ తీస్తే అందులోనూ అంతే. చీటీ పట్టుకుని చెయ్యి చాపాను. ఇంకా చాపాను. చివరికి అది ఎదుటి సీటులో ఉన్నామె ముక్కుకు తగిలింది.

"సదువు రాదా అక్కా? నాకు సుత రాదు," అందామె. నాకన్నా పెద్దదే అనుకున్నాను, ఆమేమో నన్ను అక్కను చేసింది.

పౌరుషం పొడుచుకొచ్చింది. "సదువొస్తది. మా పిల్ల రాతే మంచిగ లేదు," అన్నాను.

ఆమె సంచిలోంచి గుడ్డలో చుట్టిన కళ్లద్దాలు తీసింది. "మా గల్లీల నలుగురు ఆడోళ్లకు గివ్వే అద్దాలు. బియ్యంల రాళ్లేరనీకి, సూదిల దారమెక్కియ్యనీకి వంతులేసుకుంటం. ఇయ్యాల నా వంతు, గందుకే నా ఎంబడి వచ్చినయ్. పెట్టుకో."

ఒకే జతతో నలుగురు ఇళ్లు నడుపుకుంటున్నారని వినడం నాకదే మొదలు. నాకెందుకులే అంటూనే పెట్టుకున్నాను. గల్లీ పేరు, ఇంటి గుర్తు, కింద "పెద్దమ్మా, పైలం" అన్న జాగ్రత్త మాట కూడా ముత్యాల్లా కనిపించాయి. గడగడా పైకే చదివాను.

ఆమె అద్దాలు తీసుకుని కొంగుతో తుడుస్తూ తాపీగా అడిగింది. "మీ పిల్ల రాత గింత జల్దిన ఎట్ల మంచిగైంది అక్కా?"