చప్పట్లు తీసేసిన పాట

మా కుటుంబంలో నన్ను కంప్యూటర్ మనిషి అంటారు. నాచారంలో ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నేను కూర్చునే బల్ల మీద కంప్యూటర్ ఉంది. ఈ బిరుదుకు అంతకు మించిన ఆధారం లేదు. ఆ కంప్యూటర్‌తో నేను చేసేదల్లా పెట్టెల మీద అంటించే లేబుళ్లు ప్రింటు తీయడం. అయినా మా వాళ్లలో ఎవరి ఫోన్ నిండిపోయినా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా నాకే కబురొస్తుంది. నాకు రాదు అని ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు. "సెట్టింగ్స్‌ల ఉంటది, సూస్త" అంటాను. ఆ మాట అనేసి, అవతలి వాళ్లు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లగానే ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తాను. సగం రోగాలు దానితోనే కుదురుతాయి. మిగతా సగానికి కొత్త ఫోన్ కొనుక్కోమంటాను.

మా అక్క ఉప్పల్‌లో ఉంటుంది. రింగు రోడ్డు నుంచి లోపలికి పోతే, పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్న కాలనీ. అందులో ఇంకా పడగొట్టని ఒక ఇంటి మొదటి అంతస్తు వాళ్లది. బతుకమ్మ వచ్చిందంటే ఆ కాలనీకి పాట మా అక్కే. ఆమె ఒక వరస పాడుతుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ ఆ వరసను తిరిగి అంటూ, వంగి చప్పట్లు కొట్టి, ఒక అడుగు పక్కకు వేస్తారు. తర్వాత ఇంకో వరస. రాగం మా జనగామ దిక్కుది, మాటలు మాత్రం అక్క సొంతంగా కడుతుంది. కాలనీలో ఆ ఏడు ఏం జరిగితే అది పాటలోకి వస్తుంది.

నల్లా నీళ్లొచ్చెనే ఉయ్యాలో
నడిజాము రాతిరి ఉయ్యాలో
బిందెలు పట్టుకోని ఉయ్యాలో
బిరబిరా రారమ్మ ఉయ్యాలో

ఈ పాట ఎత్తుకుంటే పక్క వీధి ఆడవాళ్లు కూడా వచ్చి కలుస్తారు. నీళ్లు వాళ్లకూ ఆ వేళకే వస్తాయి మరి.

ఆ ఏడు వానాకాలంలో అక్కకు మెడ దగ్గర గడ్డ తేలింది. థైరాయిడ్ అన్నారు. దవాఖానాలో ఆపరేషన్ చేసి తీసేశారు. భయపడాల్సిన గడ్డ కాదని పరీక్షలో తేలి అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ గడ్డతో పాటు అక్క గొంతు కూడా ఎటో పోయింది. కొందరికి ఇలా అవుతుందని, మెల్లగా రావచ్చని, అందాకా గట్టిగా మాట్లాడొద్దని డాక్టర్ చెప్పాడు. గుసగుస తప్ప ఏమీ రావడం లేదు. ఇంతలో బతుకమ్మ దగ్గర పడింది.

"ఈసారి నేను కిందికి దిగ" అంది అక్క ఒక ఆదివారం. ఆ మాట వినడానికి నేనూ బావా ఇద్దరం ముందుకు వంగాల్సి వచ్చింది.

"పాడకుంటే ఏమాయె, ఆడొచ్చు గద" అన్నాడు బావ.

"నోరు మూసుకోని సుట్టు తిరుగనీకి నేనెందుకు. ఇంకెవరన్న పాడుకుంటరు తియ్యి."

అలా అని గోడ వైపు తిరిగి కూర్చుంది. మా ఇంట్లో అక్క నోటికి జడవని మనిషి లేడు. కూరగాయల బండివాడి దగ్గర నుంచి మా నాన్న దాకా అందరినీ ఆ గొంతుతోనే దారికి తెచ్చింది. ఆమె అలా మాటలేకుండా కూర్చోవడం నేను తట్టుకోలేకపోయాను. తట్టుకోలేనప్పుడు నేను మాట ఇచ్చేస్తాను, అది నాకున్న జబ్బు.

"నీ పాట నా దగ్గర ఉన్నది అక్కా. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు నేను వీడియో తీసిన గద. అండ్లకెళ్లి పాట ఒక్కటి బయటికి తీస్త. బాక్స్‌ల పెడ్తే నీ గొంతే వినవడ్తది. నువ్వు ఊకె సప్పట్లు కొట్టు."

అక్క ఇటు తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నాకు తెలిసిన అక్క కనిపించింది.

"వస్తదారా?"

"సెట్టింగ్స్‌ల ఉంటది" అన్నాను.

వీడియోలోంచి పాట తీయడం గురించి నాకు అప్పటికి తెలిసింది ఏమిటంటే, వీడియో పేరు చివర ఎంపీ4 అని ఉంటుంది, పాట పేరు చివర ఎంపీ3 అని ఉంటుంది. నాలుగులోంచి బొమ్మ తీసేస్తే మూడు మిగులుతుందని నా లెక్క. కాబట్టి ఫైలు పేరులో నాలుగు చెరిపి మూడు కొట్టాను. ఇంత చిన్న పనికి జనం ఎందుకు అవస్థ పడతారో అనుకుంటూ బావకు పంపాను. కాసేపటికి ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, పాట మస్తు వస్తున్నది. బొమ్మ ఇంకా పోలే. జర దానికి కూడ చెప్పు పొమ్మని."

పెట్టె మీద లేబుల్ మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదని ఆ ఫ్యాక్టరీలో అందరికన్నా నాకే బాగా తెలియాలి. నేను జీతం తీసుకునేదే లేబుళ్ల పని చేసి.

సిగ్గుపడి చదువు మొదలుపెట్టాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకొని, వీడియోలోంచి ఆడియో తీయడం ఎలాగో చెప్పే వీడియోలు చూశాను. ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. అది పని మొదలుపెట్టే ముందే ఏ ఫార్మాట్‌లో కావాలి అని అడిగింది. కింద పెద్ద పట్టిక. అక్కడే నేను చెడిపోయాను. ఆ పట్టిక మీద లోకంలో ఇంత కొట్లాట జరుగుతోందని నాకు తెలియదు. ఎంపీ3 వినేవాళ్లకు చెవులే లేవని ఒకడు, శబ్దాన్ని ఏమాత్రం కుదించని వేవ్ తప్ప మిగతాదంతా మోసమని ఇంకొకడు. రెండు రోజుల్లో నేను వేవ్ మతంలో కలిసిపోయాను. కొత్తగా మతం పుచ్చుకున్నవాడు ఊరుకోడు కదా, బావను చాయ్ హోటల్‌కు పిలిచి బోధ చేశాను.

"ఎంపీ3 అంటే ఏంది బావా, మన చెవికి ఆనని సప్పుళ్లను తీసి పారేసి ఫైలు బరువు తగ్గిస్తది. మా అక్క గొంతుల ఒక్క రవ్వ కూడ పోవద్దు. అందుకే నేను వేవ్‌ల తీస్తున్న."

"చెవికి ఆనని సప్పుడు పోతే మనకేం పోయింది?"

బావ అజ్ఞానానికి నేను జాలిపడ్డాను. నా ఫోన్ ఆ వీడియో తీసిన రోజే శబ్దాన్ని కుదించి దాచిందని, ఒకసారి పోయింది వేవ్‌లో పెట్టినా తిరిగి రాదని, బిందెడు నీళ్లను డ్రమ్ములో పోసినంత మాత్రాన డ్రమ్మెడు కావని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఫైలు ఎంత బరువుంటే అక్క మీద నాకు అంత ప్రేమ ఉన్నట్టు లెక్క.

అక్కడితో ఆగినా బాగుండేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఆ వేవ్ వింటుంటే అక్క గొంతు కన్నా మిగతా చప్పుళ్లే ఎక్కువ అనిపించాయి. ఎవరింట్లోనో కుక్కర్ కూత, ఆటో హారన్, ప్రతి వరసకూ ధబధబమని చప్పట్లు, వెనక తలొక శ్రుతిలో అందుకునే ఆడవాళ్లు. అన్నిటికన్నా ఘోరం, నల్లా నీళ్ల పాట మధ్యలో, ఫోన్‌కు దగ్గరగా నా గొంతు: "అమ్మా, జర పక్కకు జరుగున్రి, మా అక్క కనవడ్తలేదు." ఆ రోజు ఎవరో ఫోన్‌కు అడ్డం వస్తే అరిచాను. సరిగ్గా అక్క బిందెల వరస పాడుతున్నప్పుడే అరిచాను. నా గొంతు నాకు వినపడితే ఎవరో తెలియని మనిషి మా అక్క పాటలో దూరి గొడవ చేస్తున్నట్టుంది.

మనిషి గొంతును మిగతా చప్పుళ్ల నుంచి విడదీసే యాప్ ఒకటి దొరికింది. ఏ గొంతు కావాలో చూపిస్తే మిగతావి తీసేస్తుంది. అక్కను చూపించాను. కుక్కర్ పోయింది, ఆటో పోయింది, చప్పట్లు పోయాయి, ఆడవాళ్లు పోయారు, నేనూ పోయాను. అక్క గొంతు కడిగిన ముత్యంలా మిగిలింది. కానీ వరసకూ వరసకూ మధ్య ఖాళీ ఉంది. ఏమీ లేని చోటు ఎందుకు, వినేవాళ్లకు విసుగు అనుకొని, ఒక్కొక్క ఖాళీనీ వెతికి కత్తిరించి అతికాను. ఆదివారమంతా దానికే పోయింది. సాయంత్రానికి సగానికి సగం తగ్గిన పాటను చూసుకొని, ఈ పని తెలిసినవాళ్లు నన్ను చూస్తే ఏమంటారో అని మురిసిపోయాను.

పండగ మొదటి రోజు, ఎంగిలి పూల బతుకమ్మ నాడు, ఫ్యాక్టరీ నుంచి ముందే బయటపడి ఉప్పల్ వెళ్లాను. కాలనీవాళ్లు టెంట్ హౌస్ నుంచి సౌండ్ బాక్స్ తెచ్చి పెట్టారు. ఆడవాళ్లు బతుకమ్మలు దించి చుట్టూ నిలబడ్డారు. పైన అక్క పట్టుచీర కట్టుకొని బాల్కనీలో నిలుచుంది. పాట మొదలయ్యాక దిగుతానని బావతో చెప్పిందట. పెన్ డ్రైవ్ పెట్టాను. బాక్స్ ఉలకలేదు, పలకలేదు. దానికి ఎంపీ3 తప్ప ఇంకేదీ ఎక్కదట. వేవ్ గొప్పతనం బాక్స్‌కు ఎవరూ చెప్పినట్టు లేరు. చివరికి ఎవరిదో ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, దానికి వైరు కలిపి నొక్కాను.

అక్క గొంతు వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే అందరూ ఒకసారి తలెత్తి బాల్కనీ వైపు చూశారు. మొదటి వరస అయింది. ఆడవాళ్లు అందుకోబోయారు. వాళ్లు నోరు తెరిచేలోపు రెండో వరస వచ్చేసింది. సరే, అది అందుకుందామనుకుంటే మూడోది వచ్చింది. కొందరు వంగారు, కొందరు లేచారు, చప్పట్లు తలో దిక్కూ పడ్డాయి. ఒకామె రెండడుగులు వేసి ముందున్నామెను గుద్దుకుంది. పక్కింటి పెద్దమ్మ ఆగిపోయి నా వైపు తిరిగింది.

"ఏంది కొడుకా, మీ అక్క ఎనక ఎవరన్న తరుముతున్నరా. మేమెప్పుడు అనాలె?"

నేను పాట ఆపేశాను. తలెత్తి చూస్తే బాల్కనీ ఖాళీగా ఉంది.

పైకి వెళ్లేసరికి అక్క పట్టుచీరతోనే మంచం మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. నా చెవి దగ్గర, ఊపిరితో అంది.

"అందర్నీ తీసేసి నన్నొక్కదాన్నే జేసినవ్ గదరా."

చాలా బాధేసింది. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర నుంచి ఆమె భయపడుతున్నది దానికే. నేను అదే పనిగా కష్టపడి ఆ భయాన్ని పాటగా తయారు చేసి, బాక్స్‌లో పెట్టి కాలనీ అంతటికీ వినిపించాను. సెట్టింగ్స్‌లో ఉంటుందని కూడా అనలేకపోయాను.

ఆ తర్వాతి రోజుల్లో అక్క కిందికి రాలేదు. ఆడవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు పాడుకొని, త్వరగా ముగించి వెళ్లిపోయేవారని బావ చెప్పాడు. నేను మళ్లీ మొదటి వీడియో దగ్గరికి వెళ్లాను. ఈసారి ఏ యాపూ లేదు, ఏ కడుగుడూ లేదు. ఉన్నది ఉన్నట్టు ఆడియో తీసి, ఎంపీ3 మీద నొక్కాను. మా మతంలో అది చాలా పెద్ద పాపం. ఒక్క నా అరుపైనా కత్తిరిద్దామని చూశాను, కానీ అది బిందెల వరసతో కలిసిపోయి ఉంది. నన్ను తీస్తే అక్క కూడా పోతుంది. చేసేది లేక నన్ను నేను ఉంచుకున్నాను.

పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పెన్ డ్రైవ్ పెట్టగానే బాక్స్ దీపం వెలిగింది. అక్క ఒక వరస పాడింది. బాక్స్‌లోని ఆడవాళ్లు అందుకున్నారు, బాక్స్ చుట్టూ ఉన్న ఆడవాళ్లు వాళ్లతో కలిశారు. పోయినేటి చప్పట్ల మీద ఈ ఏటి చప్పట్లు పడ్డాయి. అడుగు కుదిరింది. కుక్కర్ కూత వస్తే పెద్దమ్మ "గది మా కుక్కరే" అని పక్కామెకు చెప్పింది. పైన బాల్కనీలో ఎవరూ లేరు. నేను ఫోన్ పట్టుకొని వీడియో తీస్తున్నాను కానీ కళ్లు అక్కడే ఉన్నాయి.

కళ్లు కిందికి దించేసరికి అక్క మెట్ల చివర, గోడకు ఆనుకొని నిలబడి ఉంది. మామూలు చీరే కట్టుకుంది. అప్పటికే ఎంతసేపైందో తెలియదు. ఆటకు వచ్చిన మనిషిలా లేదు, తోవన పోతూ ఆగిన మనిషిలా ఉంది. అడుగు ముందుకు వేయడం లేదు. మధ్యలో ఆడవాళ్లు వరసగా అడ్డం ఉన్నారు. పిలుద్దామంటే నాకు నోరు రాలేదు. నేను ఏం చేసినా చెడగొడతానని అప్పటికి నాకు బాగా నమ్మకం కుదిరింది.

బిందెల వరస వచ్చింది. దాని మీద, బాక్స్‌లోంచి, వీధంతా వినపడేలా నా గొంతు అరిచింది.

"అమ్మా, జర పక్కకు జరుగున్రి, మా అక్క కనవడ్తలేదు."

అది పోయినేటి మాట. ఎవరినో అన్న మాట. కానీ ఆడవాళ్లు నిజంగానే పక్కకు జరిగారు, అక్క ఏదని వెనక్కి తిరిగి చూశారు. జరిగిన చోట దారి ఏర్పడింది. దారికి ఆ చివర అక్క ఉంది.

"ఇగో, జరిగినం. రా బిడ్డా" అంది పెద్దమ్మ, చెయ్యి చాపి.

అక్క వచ్చింది. పెద్దమ్మ పక్కన నిలబడి, వంగి చప్పట్లు కొట్టి, అడుగు వేసింది. పెదవులు కదులుతున్నాయి. పాడుతున్నది బాక్స్ అయినా, అందరూ ఆమె ముఖం చూస్తూనే ఆ వరసను తిరిగి అన్నారు. నేను ఒక్క మాట మాట్లాడకుండా తీశాను. తర్వాత చూసుకుంటే సగం వీడియో వణికిపోయి ఉంది, కొంతసేపు నా వేలే అడ్డం ఉంది. మిగతా అంతటా మా అక్క కనబడుతోంది.