విప్పని పొడి పొట్లాలు

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయి, తెగిన పట్టుపోగును కూడా ముడి వేయలేని స్థితికి వచ్చాను. పుట్టపర్తి డాక్టరు ఇచ్చిన మాత్రలతో ఏడాదికి మళ్లీ మగ్గంలో కూర్చున్నాను.

అప్పుడే హిందూపురం వదిన ప్రోబయోటిక్ పొడి తెచ్చి, "మాత్రలు మానేసి ఇది తాగు" అంది. డాక్టరును అడిగితే, "మీ మాత్రలు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయమ్మా. బతికున్న బ్యాక్టీరియా ఉండే పొడి మీకు ప్రమాదం కావచ్చు, వద్దు" అన్నారు. వదిన నొచ్చుకుంటుందని నేను ఆ మాట చెప్పలేదు.

నెల తర్వాత ఆ పొడి అమ్మేవాళ్ల మీటింగుకు వదిన నన్ను పిలిచింది. పొట్లాలు తిరిగి ఇచ్చేద్దామని సంచిలో వేసుకుని హిందూపురం వెళ్లాను. వదిన ముందే నా సంగతి చెప్పినట్టుంది, మీటింగు పెట్టినాయన ఉన్నట్టుండి నన్ను వేదిక ఎక్కించి, చేతికి తెగిన పట్టుపోగు ఇచ్చాడు.

"ముడెయ్యక్కా, అందరూ చూస్తారు."

ముడి వేశాను. చప్పట్లు మోగాయి.

"అంతా మా పొడి మహిమ. ఈ అక్క మాత్రలన్నీ మానేసింది" అన్నాడు మైకులో.

ముందు వరుసలో వేళ్లు వంకరపోయిన ఒక అవ్వ నన్నే చూస్తోంది. ఇక ఊరుకోలేకపోయాను. మైకు లాక్కుని, సంచిని బల్ల మీద బోర్లించాను.

"నేనొక్కటీ తాగలేదప్పా. చూడు, చింపకుండా అట్లే ఉండాయి. నా చెయ్యి తిరిగింది మాత్రలతో. మాత్రలు మానమని కాగితం మీద రాసి సంతకం పెట్టు, ఇప్పుడే మానేస్తా."

ఆయన జేబులో పెన్ను ఉంది. చెయ్యి మాత్రం దాని దగ్గరికి పోలేదు.

వదిన ఇప్పటికీ నాతో మాట్లాడదు. పొడి మీద నాకు పగ లేదు, పడేవాళ్లు తాగనీ. నా మాత్రలు మాన్పించాలనుకునేవాళ్లు మాత్రం ముందు సంతకం పెట్టి రావాలి.