అలుకు తగలని చోటు

కొల్లేటి లంకలో ఊరంతా కలిసి వేసుకున్న బడిపాకకి తాటాకులు ఒకరిచ్చారు, రాటలు ఒకరిచ్చారు. ఇవ్వడానికేమీ లేని పైడమ్మ, "అలుకు నా వంతండీ" అంది. తెల్లారగానే కుచ్చెళ్ళు ఎగదోపి, పేడ కలిపిన కుండ చంకనెత్తుకుని వచ్చి, గోడవార నుంచి వెనక్కి జరుగుతూ అలికేది. పిల్లలు సుద్దముక్కలతో నేలమీద దిద్దిన అక్షరాలన్నీ ఆ అరచేతి కింద మాయమయ్యేవి. ఒకనాడు కృపావరం మాస్టారు, "మీ మనవరాలు నాంచారి నిన్న నేర్చింది ఇవాళ మర్చిపోతోందమ్మా" అన్నారు. పైడమ్మ తను అలికిన నేలవంక చూసుకుంది. రోజూ తను తుడిచేస్తుంటే పిల్లకి చదువెలా నిలుస్తుంది? మర్నాడు నాంచారి కూచునే చోటు వదిలి తక్కినదంతా అలికింది.

"అక్కడ అలకలేదేంటమ్మా?" అన్నారు మాస్టారు.

"అది మా పిల్ల చదువండీ. నేనే పాడు చేసేత్తన్నానేమోనండీ."

ఇంతలో నాంచారి పరుగున వచ్చి, ఆ అక్షరాల్ని అరచేత్తో చెరిపేసి, మళ్ళీ మొదటినుంచీ దిద్దడం మొదలుపెట్టింది. పైడమ్మ ఆ చిన్న చేతివంకా, పేడ ఆరుతున్న తన చేతివంకా మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయింది.