చదువు వినపడని ఇల్లు

1984 జూన్. కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు చివర, రెండు రేకుల షెడ్లలో ఉండేది మా బడి. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు. పొద్దస్తమానం లారీలు తిరిగేవి. నల్లబల్ల మీద మేం రాసిన అక్షరాల కంటే దుమ్మే ఎక్కువ కనిపించేది. నేను సిటీలో, వన్ టౌన్‌లో పుట్టి పెరిగినదాన్ని. బి.ఇడి. పూర్తికాగానే ఆ బడిలో చేరి, రోజూ రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. మా అమ్మ దృష్టిలో అది ఉద్యోగం కాదు, ప్రయాణం.

ఆ బడి పద్ధతి వేరు. దాన్ని ప్రాజెక్టు పద్ధతి అనేవాళ్ళం. పాఠ్యపుస్తకాలు ఉండేవి గానీ, వాటిని మొదటి పేజీ నుంచి చివరిదాకా అప్పజెప్పించేవాళ్ళం కాదు. పిల్లలంతా కలిసి ఒక సంగతి పట్టుకుని కొన్ని నెలలు దాని వెంటే పడేవారు. లెక్కలు, సైన్సు, తెలుగు అన్నీ దాని చుట్టూ తిరుగుతూ వచ్చేవి. చివర్లో డిస్‌ప్లే ఉండేది. అంటే పిల్లలు తాము చేసింది తల్లిదండ్రుల ముందు పెట్టి, విడమరిచి చెప్పే రోజు. ర్యాంకులు లేవు. ప్రోగ్రెస్ కార్డులో మార్కుల బదులు నాలుగు వాక్యాలు రాసేవాళ్ళం.

చెప్పుకోవడానికి ఇదంతా బాగానే ఉంటుంది. పిల్లల్ని పంపినవాళ్ళకి మాత్రం గుండె దడ. ఆ దడ తగ్గించే పని పెద్ద మేడమ్, అంటే మా హెడ్మిస్ట్రెస్, నాకు అప్పగించారు. "నీకు కోపమొస్తే నవ్వుతావు. ఈ పనికి నువ్వే సరి" అన్నారు. ఆ ఏడాది నేను చాలా నవ్వాను. "హోమ్‌వర్క్ ఏదండీ?", "మావాడు క్లాసులో ఎన్నోవాడండీ?", "మట్టి పిసకడానికా బడికి పంపింది?" ఇవీ రోజూ వచ్చే ప్రశ్నలు. నా జవాబులు కూడా వంటింటి డబ్బాల్లా వరసగా సర్దుకుని ఉండేవి. ఏ ప్రశ్నకి ఏ డబ్బా తియ్యాలో చెయ్యి దానంతటదే వెళ్ళిపోయేది.

ఆ ఏడు అయిదో తరగతి పిల్లల ప్రాజెక్టు 'నీళ్ళు'. మన ఇంటికి నీళ్ళు ఎక్కడివి, అక్కడికి ఎలా వచ్చాయి అన్నది వాళ్ళు తేల్చాలి. తాడుకి ముడులు వేసి, చివర డబ్బా కట్టి, చుట్టుపక్కల నూతుల లోతు కొలిచేవారు. వెంట ఒక టీచర్ ఎప్పుడూ ఉండేది.

వర్షాలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సన్యాసిరావు వచ్చాడు. ఫ్యాక్టరీ కట్టే చోట ఖలాసీ, అంటే బరువులెత్తే పనివాడు. అసలు ఊరు ఆనందపురం అవతల పల్లె, వ్యవసాయ కుటుంబం. కూతురు ఈశ్వరి మా దగ్గర అయిదో తరగతి. ఆయన గుమ్మం బయటే చెప్పులు విడిచి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుని నిలబడ్డాడు.

"మేడంగోరూ, మా అమ్మాయి టీసీ ఇప్పించండి" అన్నాడు. టీసీ అంటే పిల్లని మరో బడికి మార్చడానికి మేమిచ్చే కాగితం.

"ఏమైందండీ?"

"ఏటవుద్ది! ఆడపిల్ల తాడట్టుకుని నూతుల ఎంట తిరగతందని మా లైనిళ్ళల్లో ఒకటే గోల. ఎవులైనా సూత్తే నూతిలో దూకడానికనుకోరేటి సెప్పండి?"

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఆయనా ఒక నిమిషం బిగపట్టి, తరవాత నవ్వేశాడు. టీచర్ వెంట ఉంటుందని, గట్టు దగ్గరికి ఒక్కొక్కరినే పిలుస్తుందని చెప్పాను. విన్నాడు. తల ఊపాడు. అయినా కదల్లేదు.

"అది సరేనండి. ఇంకోటుంది. సాయంత్రమైతే పక్కింటి కుర్రోడు సదువుతుంటే గోడ అదురుద్ది. మా ఇంట్లోంచి సదువు ఇనపడదు."

ఇది నా డబ్బాల్లో లేని ఫిర్యాదు కాదు. గట్టిగా చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అని పాత పాటే మొదలెట్టాను. ఆయన మర్యాదగా పూర్తిగా విన్నాడు.

"మీరు సెప్పింది నాకు బాగానే ఉందండి. మా ఆడది ఒప్పుకోదు. రెండ్రోజులై నాతో మాట్లాడ్డం లేదు. టీసీ అట్టుకొత్తేనే అన్నం ఎడతానంది."

మొగుళ్ళు వచ్చి పెళ్ళాల పేరు చెప్పడం నాకు కొత్త కాదు. సగంమంది తమ భయాన్ని వాళ్ళ నెత్తిన పెట్టేవారు. కానీ ఈయన మొహంలో నిజంగానే ఆకలి కనిపించింది. "రేపు సాయంత్రం మీ ఇంటికొస్తాను" అన్నాను. దాన్ని మేం హోమ్ విజిట్ అనేవాళ్ళం.

వాళ్ళుండేది లైను ఇళ్ళు. ఒకే రేకు కప్పు కింద, మధ్యలో పలచటి గోడలతో వరసగా వాటాలు. దీపాలు పెట్టేవేళకి వెళ్ళాను. రోడ్డు మీదికే వినపడింది ఆ హోరు. ఒక ఇంట్లో ఎక్కాలు, ఒక ఇంట్లో పద్యం, ఇంకో ఇంట్లో ఇంగ్లీషు స్పెల్లింగులు. ఎవరి గొంతు వాళ్ళు చించుకుంటున్నారు. మధ్యలో ఒక్క ఇల్లు మాత్రం నోరు మూసుకుని ఉంది. ఎవరిదో అడగనక్కర్లేకపోయింది.

ఈశ్వరి తల్లి పేరు పైడితల్లి. పొయ్యి ముందు కూచుని ఉంది. నన్ను చూసి లేచి పీట వేసింది, మళ్ళీ కూచుంది. కోపం మర్యాదకి అడ్డురాలేదు, మర్యాద కోపానికి అడ్డురాలేదు. సన్యాసిరావు వాకిట్లో కుర్చీ వెయ్యబోతే వద్దని, పొయ్యి దగ్గరి పీట మీదే కూచున్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఈశ్వరి మూల చాప మీద కూచుని తాడుకి ముడులు వేస్తోంది.

నాకు తెలిసినదంతా చెప్పాను. పైడితల్లి కూర కలుపుతూ వింది.

"మీ బళ్ళో పాఠాలున్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయమ్మా."

"మరి ఇనపడవేటి?"

నేను మళ్ళీ ఏదో మొదలెట్టబోయాను. అప్పుడే గోడ అవతల పక్కింటి కుర్రాడు అందుకున్నాడు. "సముద్రములోని నీరు ఆవిరియై పైకి పోవును. మేఘములు చల్లబడి వర్షముగా కురియును." మంచి గొంతు. కానీ మధ్యలో ఒక వాక్యం మింగేశాడు. పైడితల్లి గరిటె ఆపకుండా, తల ఎత్తకుండా, తనలో తనే అంది: "ఆ ఆవిరి మేఘములుగా మారును."

నేను పీట ముందుకి జరుపుకున్నాను. "మీరు ఎంతవరకు చదువుకున్నారు?"

"నానేటి సదువుకునేది? బడి గుమ్మం ఎక్కనేదు."

"మరి ఇది?"

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన అర్థం కానట్టు చూశాడు. తరవాత పైడితల్లి కూర దించి, చేతులు కడుక్కుని, నా వైపు తిరిగి కూచుంది.

పెద్దకొడుకు అప్పలరాజు ఒకటో తరగతి నుంచి పది దాకా తల్లి పొయ్యి పక్కనే కూచుని గట్టిగా చదివాడు. వాడు చదువుతుంటే ఈవిడ వంట చేసేది. వాడికి వచ్చిందంతా ఈవిడకీ వచ్చింది. అక్షరం ఒక్కటీ రాదు, పాఠాలన్నీ వచ్చు.

"గొంతు తగ్గిత్తే, ఒరే మీ నాయిన తిడతాడురా, గట్టిగా సదవరా అనీదాన్ని" అంది. "ఆళ్ళ నాయిన ఎప్పుడు తిట్టేడు? నాకోసరమే అలా అనీదాన్ని. అర్థం కాకపోతే, నాకు ఇనపళ్ళేదురా, మల్లీ సదువు అనీదాన్ని. పదో తరగతి కొచ్చీసరికి సగం ఇంగ్లీసు, నాకు అందలేదు. ఆడు ఐటీఐలో సేరి కంచరపాలెం మా తమ్ముడింటికి ఎలిపోయేడు. సరే, ఈశ్వరి ఉంది గదా, రెండోమాటు ఇంటే మిగిలింది కూడా తెలుత్తాదనుకున్నాను. ఇదేమో మీ బళ్ళో సేరి తాళ్ళకి ముళ్ళేత్తంది. ఇల్లు మూగదైపోనాది."

ఇన్నేళ్ళలో ఎందరో తల్లిదండ్రులు నాతో పోట్లాడారు. అందరూ పిల్లల చదువు పోతోందనే. తన చదువు పోతోందని పోట్లాడిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. మా పద్ధతి పిల్లని మార్చింది, బాగానే ఉంది. కానీ ఆ ఇంట్లో ఇద్దరు చదువుకుంటున్నారని మా బడికి తెలియదు. ఇరవయ్యేళ్ళు కాపరం చేసిన సన్యాసిరావుకే తెలియదు. ఆయన గుమ్మంలోనే కూలబడి, "ఓలమ్మా, నాకు సెప్పలేదేటే?" అన్నాడు.

"నువ్వడిగేవా?" అందావిడ.

నా డబ్బాలన్నీ ఖాళీ. ఈశ్వరిని గట్టిగా చదవమని చెప్పడమంటే మా పద్ధతికి నేనే నీళ్ళొదలడం. చెప్పకపోతే ఈవిడ నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టు. "అప్పలరాజు చదివినవాటిల్లో మీకు అర్థం కానిది ఏదైనా ఉండిపోయిందా?" అని అడిగాను.

ఆవిడ క్షణం ఆలోచించలేదు. ఎన్నాళ్ళుగానో కొంగున కట్టుకుని ఉన్నట్టుంది ఆ ప్రశ్న. "సవుద్రం నీరే వానై కురుత్తాదంతారు గదా. సవుద్రం నీరు ఉప్పు. మరి వాన నీరు సప్పగుంటాదేటి? రాజుగాణ్ణడిగితే పుత్తకంలో లేదన్నాడు. పుత్తకాన్ని నానడగలేను గదా!"

జవాబు నా నాలిక చివరిదాకా వచ్చింది. టీచర్లకి అన్నిటికంటే కష్టమైన పని తెలిసిన జవాబు మింగడం. మింగాను.

"ఈశ్వరీ, అమ్మ అడిగింది విన్నావా?"

"ఇన్నాను టీచర్." ముడులు వేసే చేతులు ఎప్పుడో ఆగిపోయాయి.

"నీ ప్రాజెక్టు నీళ్ళే కదా. ఇది తేల్చి అమ్మకి చెప్పాలి. అమ్మకి అర్థమయ్యేదాకా చెప్పాలి." పైడితల్లి వైపు తిరిగాను. "ఇది చెప్పలేకపోతే టీసీ నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను."

పెద్ద మేడమ్‌ని అడక్కుండా ఇచ్చిన మాట అది. మర్నాడు చెబితే ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ప్రశ్న మనం ఎందుకు అడగలేదు?" అన్నారు. అంతే, నన్నేమీ అనలేదు.

ఈశ్వరి ఆ ప్రశ్నని తరగతిలో పెట్టింది. ఇంజనీరు గారి అబ్బాయి ఉప్పు బరువు కాబట్టి పైకి ఎగరలేదన్నాడు. ఇంకో పిల్ల మబ్బులోనే వడపోత ఉంటుందంది. నమ్మించాలంటే చూపించండి అన్నాం. కొన్నాళ్ళు రకరకాల గిన్నెలతో షెడ్డంతా చిందరవందర చేశారు. తరవాత ఒకరోజు ఈశ్వరి వచ్చి, "టీచర్, సాయంత్రం మా ఇంటికి రండి. అమ్మ రమ్మంది" అంది.

వెళ్ళేసరికి పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఈశ్వరి గుప్పెడు కల్లుప్పు వేసింది. "అమ్మా, ఇది సవుద్రం. రుచి సూడు" అంది. చల్లార్చి ఒక చుక్క నాలిక మీద వేసుకుని పైడితల్లి మొహం చిట్లించింది. ఈశ్వరి మూత పెట్టింది. కాసేపాగి మూత తీసి, బోర్లించకుండా పక్కకి వంచి, లోపలివైపు చేరిన నీటి బొట్లని తల్లి అరచేతిలోకి జార్చింది.

పైడితల్లి ఆ చేతిని నోటికి అందించుకుంది. ఒకసారి చప్పరించింది. మళ్ళీ చప్పరించింది.

"సప్పగుంది" అంది నెమ్మదిగా. తరవాత గట్టిగా, లైనంతా వినపడేలా, "ఓలమ్మా! సప్పగుందే!"

మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "రోజూ ఈ మూత తీసి కొంగుతో తుడిసీదాన్ని" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఉప్పగా ఉంటాయని ఈశ్వరి అనబోతే నేనే కళ్ళతో ఆపాను. ఎంత ప్రాజెక్టు పద్ధతైనా అన్నిటికీ ఒక వేళ ఉంటుంది.

టీసీ మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. అక్కడి నుంచి పని పడింది మాకే. ఈశ్వరి పొద్దున్నే వస్తూ వస్తూ ఒక ప్రశ్న మోసుకొచ్చేది. అమ్మ అడిగింది అనేది. కొన్నిటికి జవాబు దొరికేది. కొన్నిటికి మేం టీచర్లమే తెల్లమొహాలేసుకుని సిటీలో లైబ్రరీకి పరిగెత్తేవాళ్ళం. డిస్‌ప్లే నాడు పైడితల్లి ముతక జరీ చీర కట్టుకుని వచ్చి, ప్రతి బల్ల దగ్గరా ఆగి, "ఎందుకలాగ?" అని అడిగింది. సూటు వేసుకొచ్చిన తండ్రులు కూడా ఆవిడ వెనకే నిలబడి విన్నారు. సన్యాసిరావు నా పక్కకి వచ్చి, "దీనికి ఇన్ని ప్రెశ్నలు ఎక్కడివండీ? నన్నెప్పుడూ ఒక్కటీ అడగలేదు" అన్నాడు. "ఇకనుంచి అడుగుతారు, కాచుకోండి" అన్నాను. ఆయన గర్వంగా నవ్వాడు.

తరవాత చాలా బడుల్లో, చాలామంది తల్లిదండ్రులతో పనిచేశాను. ఎవరైనా టీసీ అడిగితే, మా పద్ధతి మంచిదని వాదించడం మానేశాను. ముందు వాళ్ళింటికి వెళ్ళి వంటింట్లో కూచుంటాను. ఈ ఇంట్లో ఎవరెవరు చదువుకుంటున్నారు అని అడుగుతాను. జవాబు పిల్లల పేరుతో ఆగిపోతే, ఇంకా ఎవరు అని మళ్ళీ అడుగుతాను. ఇది నాకు ఏ బి.ఇడి. నేర్పలేదు, పైడితల్లి నేర్పింది.

ఆ ఏడాది చివర్లో ఒక సాయంత్రం బస్సు కోసం పోతూ ఆ లైను ముందునుంచి నడిచాను. ఎప్పటిలాగే హోరు. ఈసారి మూగగా ఉన్న ఇల్లు వేరేది. ఈశ్వరి ఏదో చెబుతోంది, పైడితల్లి మధ్యమధ్యలో ఆపి "మరెందుకు?" అని అడుగుతోంది. తలుపు తీసున్న పక్క వాటాలో గోడలదిరేలా చదివే కుర్రాడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చెవి గోడకి ఆనించి కూచున్నాడు.